నవంబరులో పెళ్లి, డిసెంబరు మొదట్లో స్కీయింగ్: మంచు ఎక్కడ, బస ఎక్కడ?

ప్రశ్న: మాది హైదరాబాదు. పెళ్లి నవంబరు చివరి వారంలో. డిసెంబరు 4 రాత్రి బయల్దేరి 14కల్లా తిరిగి ఇంట్లో ఉండాలి. ఆయన జర్మనీలో చదివేటప్పుడు నాలుగైదు రోజులు స్కీయింగ్ నేర్చుకున్నారు. నేనైతే మంచు చూసిందే లేదు. మేం గుల్మార్గ్ అనుకున్నాం, ఇంట్లోవాళ్లు స్విట్జర్లాండ్ అంటున్నారు. హనీమూన్ కాబట్టి గది సౌకర్యంగా ఉండాలి, అంత దూరం వెళ్లాక మంచు లేదనిపించుకోకూడదు. నేను గుడ్డు కూడా తినను. ఎక్కడికి వెళ్తే మంచిది? ఏమేం చూసుకోవాలి?

జవాబు: గుల్మార్గ్‌ను ముందే పక్కన పెట్టేయండి. కశ్మీరులో అసలు చలికాలం ‘చిల్లయ్ కలాన్’. ఆ నలభై రోజులు మొదలయ్యేదే డిసెంబరు 21న. మీరు 14కే ఇంట్లో ఉంటారు. పైగా ఈమధ్య అక్కడి మంచు మాట మీద నిలబడటం లేదు. 2024 జనవరిలో గుల్మార్గ్ వాలులు గడ్డితో కనిపించాయి. 2025లో మంచు లేకే అక్కడ జరగాల్సిన ఖేలో ఇండియా శీతాకాల పోటీలను ఫిబ్రవరి నుంచి మార్చికి జరిపారు. ఎప్పుడైనా ఫిబ్రవరిలో సెలవు దొరికితే వెళ్లండి, అప్పుడు గుల్మార్గ్ చాలా బాగుంటుంది.

నిజానికి మీ తేదీలు మీరు ఎంచుకున్నవి కావు, పంచాంగం ఎంచుకున్నవి. డిసెంబరు 16 ప్రాంతంలో ధనుర్మాసం వచ్చేస్తుంది, ఆలోపే ముహూర్తాలు. అందుకే మన జంటలకు హనీమూన్ సరిగ్గా ఆల్ప్స్‌లో సీజను తలుపు తీసే రోజుల్లో పడుతుంది. దీనివల్ల ఒక లాభం ఉంది. క్రిస్మస్ సెలవులకు, అంటే 20వ తేదీ తర్వాత, కొండ కొమ్మున ఉన్న ప్రతి గదికీ ధర ఎగబాకుతుంది. మీరు వెళ్లేటప్పుడు కొండెక్కించే లిఫ్టుల దగ్గర క్యూ ఉండదు, శిక్షకుడు దొరుకుతాడు, హోటలువాళ్లు అడిగిన గది ఇస్తారు. నష్టమల్లా మంచే. నేల ఇంకా శరత్కాలపు వేడిలో ఉంటుంది. మొదట పడిన మంచు కొంత కరిగిపోతుంది, అడుగున గట్టి పొర కట్టడానికి వారాలు పడుతుంది. కృత్రిమ మంచు యంత్రాలు ఉన్నా, గాలి మైనస్ 3, 4 డిగ్రీలకు పడి, తేమ తక్కువగా ఉంటేనే అవి బాగా పనిచేస్తాయి. నవంబరులో 1,200 మీటర్ల ఎత్తున్న ఊరికి ఆ రాత్రులు ఎన్నో దొరకవు. వెయ్యి మీటర్లు పైకి పోతే సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతాయి కాబట్టి పైఊళ్లకు దొరుకుతాయి.

కాబట్టి ఊరి పేరు, ఫొటోలు తర్వాత. ముందు ఎత్తు చూడండి. ఊరే 1,800 మీటర్లకు పైన ఉండాలి, లిఫ్టులు 3,000 దాకా పోవాలి. శిఖరం ఎంత ఎత్తని కాదు, నేర్చుకునే వాలు ఎంత ఎత్తులో ఉందని అడగాలి. చాలామంది పొరపాటు చేసేది ఇక్కడే. పైన 3,000 మీటర్ల దగ్గర అద్భుతమైన మంచు ఉంటుంది, ఆయన ఎక్కేసి వెళ్లిపోతారు. మొదటిసారి స్కీలు తొడిగినవాళ్లు నిలబడాల్సిన చదును మాత్రం కింద పచ్చగడ్డితో ఉంటుంది.

ఈ లెక్క పట్టుకుని మూడు ఊళ్లను పోల్చి చూద్దాం. స్విట్జర్లాండ్‌లో జెర్మట్. ఆస్ట్రియాలో ఓబర్‌గుర్గ్‌ల్. ఫ్రాన్స్‌లో 2,300 మీటర్ల మీద కట్టిన వాల్ తొరాన్స్. మూడోదానికి మంచు భరోసా బాగానే ఉంది గానీ అది స్నేహితుల గుంపుల ఊరు, అపార్ట్‌మెంట్ల ఊరు. అంత ఎత్తున మొదటి రెండు రాత్రులు తలనొప్పి, నిద్ర పట్టకపోవడం కూడా మామూలే. హనీమూన్‌కు మేం చెప్పం.

జెర్మట్ అందం గురించి వాదన అక్కర్లేదు. కార్లు లేని ఊరు, గది కిటికీలో 4,478 మీటర్ల మాటర్‌హార్న్. కానీ ఊరు 1,600 మీటర్ల దగ్గరుంది. డిసెంబరు మొదటి వారంలో నమ్మకంగా తెరిచి ఉండేది పైన, 3,883 మీటర్ల క్లైన్ మాటర్‌హార్న్ కింద పరుచుకున్న హిమానీనదం. అక్కడ ఏడాది పొడవునా స్కీయింగ్ ఉంటుంది. ఆయనకు అది పండగే. మీకు మాత్రం పల్చటి గాలి, మైనస్ 15 చలి, కాళ్లకు కొత్త బూట్లు, మూడూ ఒకేసారి. ధరలు కూడా ఆస్ట్రియా కంటే బాగా ఎక్కువ. ఇంట్లోవాళ్లు స్విట్జర్లాండ్ అని పట్టుబడితే, స్కీయింగ్ కాకుండా గోర్నర్‌గ్రాట్ అనే కొండ మీదికి పోయే రైలెక్కి మంచు చూసి రావడానికి వెళ్లండి.

మీకు సరిపోయేది ఓబర్‌గుర్గ్‌ల్. టిరోల్ ప్రాంతంలో, ఓట్జ్‌టాల్ లోయ చిట్టచివర, 1,930 మీటర్ల మీద చర్చి చుట్టూ అల్లుకున్న చిన్న ఊరు. దాని జంట హోఖ్‌గుర్గ్‌ల్ 2,150 మీటర్ల మీద ఉంటుంది. లిఫ్టులు 3,000 మీటర్లు దాటి పోతాయి, రెండు ఊళ్లనూ ఒక గొండోలా, అంటే తీగ మీద పోయే మూసిన పెట్టె, కలుపుతుంది. సీజను మామూలుగా నవంబరు మధ్యలోనే మొదలవుతుంది, అంటే మీరు వెళ్లేసరికి మూడు వారాల మంచు కూర్చుని ఉంటుంది. నేర్చుకునేవాళ్లకు నెమ్మదైన వాలులూ ఉన్నాయి. స్కీలు వేసుకోకుండానే గొండోలాలో 2,670 మీటర్ల మీదున్న హోహె ముట్‌కు వెళ్లి, చుట్టూ మంచు శిఖరాలు చూస్తూ భోంచేయొచ్చు. అల్లరి చేసే ఊరు కాదు. రాత్రి పదకొండు తర్వాత మీ ఇద్దరి అడుగుల చప్పుడే వినిపిస్తుంది.

ఇప్పుడు గది. సీజను మొదట్లో హోటలే మీకు రెండో బీమా. దక్షిణం నుంచి ‘ఫోన్’ అనే వేడిగాలి కొడితే పై లిఫ్టులు ఒకరోజు, ఒక్కోసారి రెండు రోజులు ఆపేస్తారు. ఆ రోజంతా గదిలో, కొలనులో, కిటికీ పక్క కుర్చీలో గడపాల్సి వచ్చినా హాయిగా ఉండే హోటలు తీసుకోండి. లిఫ్టుకు ఐదు నిమిషాల నడక దాటకూడదు. స్కీ బూటు ఒక్కోటి కిలోన్నర నుంచి రెండు కిలోలు, అడుగు వంగదు. వాటితో గడ్డకట్టిన రోడ్డు మీద అరకిలోమీటరు నడిస్తే స్కీయింగ్ మీద విరక్తి పుడుతుంది. నాలుగు నక్షత్రాల సుపీరియర్ స్థాయి చాలు. ఊరి నడిబొడ్డున లిఫ్టు పక్కనే ఉన్న ఎడెల్‌వైస్ అండ్ గుర్గ్‌ల్ ఆ కోవలోది. అయిదు నక్షత్రాలు కావాలంటే హోఖ్‌గుర్గ్‌ల్‌లో టాప్ హోటల్ ఉంది, కాకపోతే అక్కడ సాయంత్రం తిరగడానికి ఊరంటూ పెద్దగా ఉండదు. ధరలు ‘హాఫ్‌బోర్డ్’గా చెప్తారు, అంటే ఉదయం ఫలహారం, రాత్రి నాలుగైదు వంటకాల భోజనం కలిపి. ఇద్దరికీ రాత్రికి 300 నుంచి 450 యూరోలు అటూఇటూగా వేసుకోండి. తలకింత అని రాస్తారు, గదికి అనుకుని మోసపోవద్దు.

బుక్ చేసే ముందు మెయిల్లో నాలుగు సంగతులు రాయించుకోండి. మీ తేదీల్లో స్పా, భోజనశాల పూర్తిగా తెరిచి ఉంటాయా? కొన్ని హోటళ్లు మొదటి వారాల్లో సగమే నడుస్తాయి. బాల్కనీ ఏ దిక్కుకు? డిసెంబరులో ఎండ తక్కువ ఎత్తునే తిరిగి పోతుంది, దక్షిణం వైపు గదికీ ఉత్తరం వైపు గదికీ వెలుతురులో చాలా తేడా. గదిలో కెటిల్ ఉంటుందా? ఆస్ట్రియాలో చాలాచోట్ల ఉండదు, అడిగితే ఇస్తారు. నాలుగోది కొత్త దంపతులు ఎవరూ అడగరు, వెళ్లాక నాలుక కరుచుకుంటారు: పరుపు ఒకటేనా? అక్కడ డబుల్ బెడ్ అంటే ఒకే చట్రంలో రెండు విడి పరుపులు, రెండు విడి దుప్పట్లు. మధ్యలో చీలిక. ఒకే పరుపు, ఒకే పెద్ద దుప్పటి కావాలని ముందుగా రాస్తే సర్దుతారు.

స్పా గురించి ఇంకో మాట. ఆస్ట్రియాలో ఆవిరి గదుల్లోకి ఆడా మగా కలిసే వెళ్తారు, ఒంటి మీద బట్టలు లేకుండా. అది అక్కడి మర్యాద, స్విమ్‌సూట్‌తో వెళ్తేనే తప్పుగా చూస్తారు. వాకిట్లో ‘టెక్స్‌టైల్‌ఫ్రై’ అన్న బోర్డు కనిపిస్తే అర్థం అదే. ఈత కొలనులో మాత్రం స్విమ్‌సూట్ తప్పనిసరి. మీకు ఇబ్బంది అనిపిస్తే బట్టలతో వెళ్లే ఆవిరి గది విడిగా ఉందా, గంటల లెక్కన ఇద్దరికే ఇచ్చే ప్రైవేట్ స్పా ఉందా అని అడగండి.

తిండి విషయంలో మీరు జాగ్రత్తపడాలి. అక్కడ వెజిటేరియన్ అంటే గుడ్డు ఉంటుంది. జున్ను వేసిన ష్పెట్జ్‌లే, క్నోడల్ ఉండలు, కైజర్‌ష్మార్న్ అనే తీపి అట్టు, ఈ మూడింటిలోనూ గుడ్డు ఉంటుంది. ఇంకో మోసం సూపులో ఉంది. తేటగా, జున్ను ఉండ వేసి తెస్తారు, కాని ఆ నీళ్లు చాలాసార్లు ఎద్దుమాంసం ఉడికించినవి. ‘ఓనె ఫ్లైష్, ఓనె ఫిష్, ఓనె ఐ’ అని నేర్చుకోండి: మాంసం, చేప, గుడ్డు లేకుండా అని. హాఫ్‌బోర్డ్ హోటలుకు రెండు వారాల ముందే ఇదంతా రాసి, సూపు నీళ్ల సంగతి కూడా విడిగా రాస్తే వంటవాళ్లు మీకు వేరే వండుతారు. పెరుగు ఎక్కడైనా దొరుకుతుంది. ఆవకాయ, కందిపొడి గట్టిగా సీలు చేసి పెట్టె సామానులో పెట్టుకోండి. నెయ్యి, పాలకోవా మాత్రం వద్దు. యూరోపియన్ యూనియన్‌లోకి బయటి దేశాల పాల పదార్థాలు, మాంసం తీసుకెళ్లనివ్వరు. పచ్చి కరివేపాకు కూడా అంతే.

సరంజామా ఇక్కడ కొనకండి. స్కీలు, కర్రలు, బూట్లు, హెల్మెట్ అక్కడే అద్దెకు తీసుకోవాలి. ముందుగా ఆన్‌లైన్‌లో చేస్తే తగ్గింపు ఉంటుంది. మీరు పట్టుకెళ్లాల్సినవి: ఒంటికి అంటుకునే ఉన్ని లేదా సింథటిక్ లోబట్టలు రెండు జతలు, పైన ఫ్లీస్, నీరు దిగని జాకెట్, ప్యాంటు, గ్లోవ్స్, గాగుల్స్, మోకాలి దాకా వచ్చే పల్చటి స్కీ సాక్సు రెండు జతలు, 50 ఎస్‌పీఎఫ్ సన్‌స్క్రీన్. ఒంటికి తగిలేచోట నూలు బట్ట పనికిరాదు. చెమట పీల్చుకుని ఆరదు, లిఫ్టులో పది నిమిషాలు కదలకుండా కూర్చుంటే చలి ఎముకల్లోకి పోతుంది. సాక్సు ఒక్క జతే వేసుకోవాలి. రెండు వేసుకుంటే వెచ్చగా ఉంటుందనుకుంటారు, నిజానికి మడతలు నొక్కుకుని రక్తం ఆడక వేళ్లు ఇంకా చల్లబడతాయి. లెగ్గింగ్ కూడా బూటులోకి దిగకూడదు, పిక్క దగ్గరే ఆగాలి.

మీకు మాత్రమే వర్తించేది ఒకటుంది: మెట్టెలు. స్కీ బూటు పాదాన్ని నలువైపులా బిగిస్తుంది. మొదటి గంటలోనే మెట్టె పక్క వేలిని కోస్తుంది, వేలు ఉబ్బితే తియ్యడం కూడా కష్టం. స్కీయింగ్ చేసినన్ని గంటలు తీసి గది లాకర్లో పెట్టుకోండి. ఆ మాట అత్తగారితో, అమ్మతో బయల్దేరకముందే అనేస్తే అక్కడి ఫొటో చూసి ఇక్కడ ఫోను మోగదు. గాజులు గ్లోవ్స్ కిందికి రావు, గాజు గాజులైతే పడినప్పుడు మణికట్టు కోసుకుంటుంది. పసుపుతాడో, గొలుసో, లోబట్టల లోపలికి పోవాలి, బయట వేలాడితే లిఫ్టు కుర్చీకి పట్టుకుంటుంది. పదహార్రోజుల పండుగ చేసే ఇల్లయితే అది మీ ప్రయాణం మధ్యలో పడొచ్చు. ముందుకో వెనక్కో జరపడం టికెట్లు కొనకముందే పెద్దలతో తేల్చుకోండి.

అద్దె దుకాణంలో తొందరపడవద్దు, సగం కష్టాలు అక్కడ మొదలవుతాయి. బూటు వేసుకుని నిటారుగా నిలబడితే బొటనవేలు ముందు గోడకు తాకాలి. మోకాళ్లు ముందుకు వంచితే వేలు కాస్త వెనక్కి రావాలి, మడమ పైకి లేవకూడదు. లేచిందంటే బూటు పెద్దది. మనవాళ్లు నొప్పికి భయపడి పెద్ద సైజు అడుగుతారు, తర్వాత అది కాలికి తిప్పుకుని మరీ నొప్పి పెడుతుంది. చీలమండ దగ్గరి బకిల్ ముందు బిగించాలి, వేళ్ల దగ్గరిది వదులుగానే ఉంచాలి. స్కీ పొడవు మొదటిసారికి గుండెకీ గడ్డానికీ మధ్య ఉంటే చాలు. తర్వాత మీ బరువు అడుగుతారు. నిజం చెప్పండి. బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగ్ ఎంత బలానికి దాన్ని వదలాలో బరువు, ఎత్తు, వయసు, అనుభవం చూసి బిగిస్తారు. ఎక్కువ బిగిస్తే పడినప్పుడు స్కీ ఊడదు, మెలికంతా మోకాలి లిగమెంటు మీద పడుతుంది. తక్కువైతే ఊరికే ఊడిపోతుంది. పెళ్లికి ముందు చూసుకున్న బరువు కాదు, విందులన్నీ అయ్యాక చూసుకున్నది చెప్పండి.

మీకు ఆయన నేర్పడం మాత్రం వద్దు. నాలుగైదు రోజులు నేర్చుకున్నవాళ్లకు తాము ఎలా ఆగుతున్నారో మాటల్లో చెప్పడం రాదు, ‘ఏం కాదు, రా’ అంటారు. రోజూ రెండు గంటలు ఇంగ్లీషు వచ్చే ప్రైవేట్ శిక్షకుడిని పెట్టుకోండి. సీజను మొదట్లో మనుషులు చాలక గ్రూపు క్లాసులు రద్దు కావచ్చు, ప్రైవేటుకు ఆ బెడద లేదు. మొదటి రోజు కదిలే పట్టా మీద నిలబడి కాస్త పైకి పోవడం, స్కీల ముందు కొనలు దగ్గర చేసి వెనక విడదీసి ఆగడం. దాన్ని పిజ్జా ముక్క అంటారు. రెండో రోజు మలుపులు. మూడు, నాలుగు రోజులకు నీలం గుర్తున్న తేలిక వాలు మీద ఇద్దరూ కలిసి దిగొచ్చు. మొదటి రెండు రోజులకు పూర్తి లిఫ్టు పాసు కొనకండి, కింది లిఫ్టులకు సరిపడే టికెట్టు ఏముందో కౌంటర్లో అడిగి తీసుకోండి. మీ పాఠం నడిచే రెండు గంటల్లో ఆయన పైకి పోయి వస్తారు, మధ్యాహ్నం కలుస్తారు. మూడు తర్వాత ‘ఇంకొక్కసారి’ అనడం మానేయండి. తొడలు అలిసిపోయి, నీడ పడ్డ వాలు గడ్డకట్టే వేళ, దెబ్బలు తగిలేది అప్పుడే. వాలు గీత దాటి కొత్త మంచులోకి ఆయనా పోకూడదు. సీజను మొదట్లో పల్చటి మంచు కింద రాళ్లుంటాయి, హిమపాతాల ప్రమాదం కూడా ఉంటుంది.

కాళ్లను అక్టోబరు నుంచే సిద్ధం చేసుకోండి. గోడకు వీపు ఆనించి కుర్చీ లేకుండా కూర్చోవడం, 30 సెకన్లతో మొదలుపెట్టి నిమిషం దాకా, రోజుకు నాలుగుసార్లు. పెళ్లి పనుల్లో జిమ్ కుదరకపోయినా ఇది కుదురుతుంది.

కాగితాల పని సెప్టెంబరులోనే మొదలవ్వాలి. యూరపులోని చాలా దేశాలకు ఉమ్మడిగా చెల్లే షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు, ఫీజు 90 యూరోలు. ఎక్కువ రాత్రులు ఆస్ట్రియాలో కాబట్టి ఆస్ట్రియా వీసాకే వేయాలి, దిగేది జర్మనీలోని మ్యూనిక్ అయినా సరే. పెళ్లి అవుతుంది కదా అని ఇప్పుడు పాస్‌పోర్టులో ఇంటిపేరు మార్చుకోవడానికి పోకండి. టికెట్టు, వీసా, పాస్‌పోర్టు మూడింటిలో ఒకే పేరు ఉండాలి, మార్పులు తిరిగొచ్చాక చూసుకోవచ్చు. వీసా చేతికొచ్చేదాకా రద్దుచేస్తే డబ్బు తిరిగొచ్చే గదులే బుక్ చేయండి. వీసా కోసం కొనే 30,000 యూరోల బీమా స్కీయింగ్ దెబ్బలకు వర్తించకపోవచ్చు. చాలా పాలసీల్లో సాహస క్రీడలు మినహాయింపుల కింద ఉంటాయి. ‘వింటర్ స్పోర్ట్స్’ అన్న మాట, కొండ మీది నుంచి దించే ఖర్చు, హెలికాప్టరు, మూడూ పాలసీలో రాసి ఉన్నాయో లేదో చూడండి. ఆస్ట్రియాలో వాలు మీది నుంచి దించినందుకు బిల్లు వేస్తారు, హెలికాప్టరు వస్తే అది వేల యూరోల్లో ఉంటుంది. మద్యం తాగి పడితే పాలసీ చెల్లదన్న షరతు కూడా సాధారణం.

తేదీలు ఇలా పడతాయి. 4 రాత్రి విమానం, 5 మధ్యాహ్నం మ్యూనిక్. అక్కడి నుంచి ముందే మాట్లాడిన టాక్సీలో మూడు గంటల పైన పడుతుంది. రైలైతే ఇన్స్‌బ్రుక్ మీదుగా ఓట్జ్‌టాల్ స్టేషన్, అక్కడి నుంచి గంటన్నర బస్సు. పెళ్లి అలసట, రెండు పెద్ద పెట్టెలు ఉంటాయి కాబట్టి టాక్సీకే ఓటు. 6న అద్దె సామాను తీసుకుని ఊరు తిరగండి, స్కీలు వేసుకోవద్దు. 7, 8, 9 పాఠాలు. 8 ఆస్ట్రియాలో పండగ సెలవు, లోయవాళ్లంతా పైకొస్తారు, ఆ రోజుకు శిక్షకుడిని ముందే పట్టుకోండి. 10న కాళ్లకు విశ్రాంతి. లోయలో కింద లేంగెన్‌ఫెల్డ్‌లో ఆక్వా డోమ్ అనే వేడినీటి కొలనులున్నాయి, ఆరుబయట మంచు మధ్య ఆవిర్లు లేస్తుంటే నీళ్లలో కూర్చోవచ్చు. 11 మళ్లీ స్కీయింగ్. ఆ సాయంత్రమే సామాను తిరిగి ఇచ్చేయండి. 12 ఇన్స్‌బ్రుక్‌లో, పాత ఊరి క్రిస్మస్ సంత దగ్గరి హోటల్లో. 13న విమానం.

అన్నట్టు, మీరు దిగే 5వ తేదీ సాయంత్రం టిరోల్ ఊళ్లలో క్రాంపుస్ రాత్రి. కొమ్ముల ముఖాలు, గొర్రె తోళ్లు, నడుముకు పెద్ద గంటలు కట్టుకున్న కుర్రాళ్లు వీధుల్లో తిరుగుతారు, ఒక్కోసారి బరికెతో పిక్కల మీద మెల్లగా కొడతారు. దారిలో టాక్సీ ఆగి, అద్దం అవతల అలాంటి ముఖం కనిపిస్తే కంగారుపడకండి. మర్నాడు అదే వీధిలో నికొలాస్ తాత పిల్లలకు వేరుసెనక్కాయలు, కమలాపళ్లు పంచుతుంటాడు.